మొక్కలోంచి ఒక కైనేజ్‌ని పట్టుకోవడానికి తొమ్మిది నెలలు: నా అనుభవం

మొక్కలోంచి ఒక కైనేజ్‌ని, అంటే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ని, వెతికే పనిలో అక్టోబర్ 3న మాస్ స్పెక్ (ప్రోటీన్ ముక్కల బరువుని బట్టి అదేదో చెప్పే యంత్రం) రిజల్ట్ వచ్చింది. రెండు రోజులు కంటినిండా నిద్రపోయి ఇప్పుడిది రాస్తున్నా. పేపర్లలో ఈ పని నాలుగు లైన్లే ఉంటుంది: మొక్కని నూరాం, అమ్మోనియం సల్ఫేట్ వేశాం, కాలమ్‌ల మీద నడిపాం, బ్యాండ్ కోసి పంపాం. ఆ నాలుగు లైన్ల మధ్యలో నా తొమ్మిది నెలలు ఎలా కరిగిపోయాయో చెబుతా. ఈ పనిలోకి దిగబోయేవాళ్లకి నేను చేసిన తప్పుల్లో కనీసం ఒకటైనా తప్పుతుందేమోనని.

పని ఏంటంటే, ఏబీఏ (అబ్సిసిక్ ఆమ్లం) అనే మొక్క హార్మోన్‌ని పట్టుకునే ప్రోటీన్లు, అంటే రిసెప్టర్లు, ఉన్నాయి కదా, పీవైఆర్/పీవైఎల్ కుటుంబం, 2009లో బయటపడ్డవి. అరబిడాప్సిస్‌లో (ల్యాబ్‌లలో ఎక్కువగా వాడే చిన్న మొక్క) మొత్తం 14. అందులో పీవైఎల్1కి ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్ ఏదో మొక్క రసంలోంచే వెతికి పట్టుకోవాలి. 2018లోనే ఈ కుటుంబం విషయంలో మూడు జవాబులొచ్చాయి: టోర్ కైనేజ్ పీవైఎల్1లో 119వ స్థానంలోని సెరీన్ (ఒక అమైనో ఆమ్లం) మీద ఫాస్ఫేట్ పెడితే రిసెప్టర్ హార్మోన్‌ని పట్టుకోలేదు, కేసీన్ కైనేజ్ 1 రకానికి చెందిన ఏఈఎల్‌లు పెడితే రిసెప్టర్ కణంలో నిలవకుండా త్వరగా నాశనమవుతుంది, సీఏఆర్‌కే1 అనే ఇంకో కైనేజ్ పెడితే మాత్రం ఏబీఏ ప్రభావం ఇంకా పెరుగుతుంది. మరి నేనెందుకు మళ్లీ మొదలుపెట్టానంటే, మా గైడ్ మేడమ్‌కి ఒక పట్టుదల. "పలానా జీన్ అయి ఉంటుందని అనుకుని వెతకడం వేరు. ఏమీ అనుకోకుండా మొక్క రసంలో ఎక్కువ పని చేసేది ఏదో చూడటం వేరు. నువ్వు రెండోది చెయ్యి" అన్నారు. వినడానికి బాగానే ఉంది.

జనవరి 8న మొదటి పని, రేడియోధార్మిక పదార్థాలు వాడే అనుమతికి దరఖాస్తు. కైనేజ్ పని చేస్తోందో లేదో చూడాలంటే గామా స్థానంలో పీ-32 (రేడియోధార్మిక ఫాస్ఫరస్) ఉన్న ఏటీపీ కావాలి, కైనేజ్ ఫాస్ఫేట్ తీసుకునేది ఏటీపీ నుంచే; దీన్నే వేడి ఏటీపీ అంటాం. ట్రైనింగ్‌కి పిలుపు రావడానికే మూడు వారాలు పట్టింది. ట్రైనింగ్‌లో నాకు ఆశ్చర్యం కలిగించింది ఒక్కటే. అడ్డుగా సీసం పెట్టుకుంటే సరిపోతుందని నా ఊహ, కానీ పీ-32 వదిలే బీటా కణాలు నేరుగా సీసానికి కొట్టుకుంటే ఎక్స్-కిరణాలు పుడతాయట, అందుకని ముందు మందపాటి ఆక్రిలిక్ అడ్డం ఉండాలి. వేలికి ఒక ఉంగరం ఇస్తారు, ఎంత డోస్ తగిలిందో కొలవడానికి. దాన్ని గ్లవ్ లోపల పెట్టుకోవాలన్న సంగతి నాకు నెల తర్వాత తెలిసింది.

ఆ మూడు వారాలు ఊరికే కూర్చోలేదు. పీవైఎల్1ని ఈ. కోలై బ్యాక్టీరియాలో చేయించా, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా. అది తేలిగ్గా కరిగే బుద్ధిమంతురాలైన ప్రోటీన్, లీటర్ కల్చర్‌కి 11 మి.గ్రా. దాకా వచ్చింది. ల్యాబ్‌లో అందరూ వాడే వెక్టర్‌లోనే (జీన్‌ని బ్యాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ) క్లోన్ చేశా. ముందు ఆరు హిస్టిడిన్లు, తర్వాత చిన్న ట్యాగ్ (ప్రోటీన్‌కి అదనంగా తగిలించే ముక్క), తర్వాత ఎంటెరోకైనేజ్ (పేరు అలా ఉన్నా ఇది ప్రోటీన్లని కోసే ఎంజైమ్) కోసే చోటు, ఆ తర్వాత మన ప్రోటీన్. ట్యాగ్ కోసి పారేయడం ఎందుకులే, పొట్టిదే కదా అనుకున్నా. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఇక మొక్క. అరబిడాప్సిస్ ఆకులతో కిలోల లెక్కన ప్రోటీన్ తీయడం జరిగే పని కాదు. పైగా ఏ ఆకు తీసుకున్నా కరిగే ప్రోటీన్‌లో సగం దాకా రూబిస్కో అనే కిరణజన్యసంయోగక్రియ ఎంజైమే ఉంటుంది, మిగతావన్నీ దాని నీడలో దాక్కుంటాయి. అందుకే కాలీఫ్లవర్ పువ్వు వాడాం. పచ్చదనం లేదు, రూబిస్కో తక్కువ, అరబిడాప్సిస్‌కి దగ్గరి చుట్టం కాబట్టి మాస్ స్పెక్‌లో పెప్టైడ్లు పోల్చుకోవడం సులువు. 1994లో హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్‌ని ఫాస్ఫోరిలేట్ చేసే కైనేజ్‌ల మీద పని చేసినవాళ్లు వాడింది కూడా కాలీఫ్లవరే. పువ్వు పైన ఉండే గరుకు పొర, రెండు మూడు మిల్లీమీటర్లు, అదే మనకి కావాల్సింది. కత్తితో గీకి లిక్విడ్ నైట్రోజన్‌లో వేసి, పొడిగా నూరాలి. కాడ పనికిరాదు. రెండు కిలోల గీకుడు రావడానికి ఇద్దరం ఒక పూటంతా కూర్చున్నాం.

ఫిబ్రవరి 5న మొదటి పరీక్ష, కొంచెం పొడిలోంచి తీసిన ముడి రసంతో. రసాన్ని పీవైఎల్1, వేడి ఏటీపీతో కలిపి, ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ రన్ చేసి, రేడియోధార్మికత ఉన్నచోట నల్లగా చూపే స్క్రీన్ మీద పెడితే లేన్ (శాంపిల్ నడిచిన వరుస) మొత్తం నల్లగా వచ్చింది. మొక్క రసంలో ఉన్న వందల కైనేజ్‌లు అక్కడున్న వందల ప్రోటీన్లకి ఫాస్ఫేట్ పెట్టేస్తాయి కదా. నా రిసెప్టర్ వేయని లేన్‌లో కూడా దాదాపు అదే ఎత్తులో ఒక బ్యాండ్! ముడి రసంలో యాక్టివిటీ కొలిచి దాన్ని నూరు శాతం అని రాసుకోవడం ఉత్త మాటని ఆ రోజే అర్థమైంది. ఒకపక్క ఫాస్ఫటేజ్‌లు పెట్టినదాన్ని పీకేస్తుంటాయి, ఇంకోపక్క ఏటీపీని తినేసేవి తినేస్తుంటాయి. అమ్మోనియం సల్ఫేట్ మెట్టు దాటాకే లెక్క మొదలుపెట్టండి.

ఇంకో చిన్న దెబ్బ. పరీక్షలు త్వరగా అవ్వాలని ఫాస్ఫోసెల్యులోజ్ కాగితం ముక్కల మీద చుక్క వేసి, ఫాస్ఫారిక్ ఆమ్లంలో కడిగి, రేడియోధార్మికత లెక్కించే కౌంటర్‌లో పెట్టేద్దామనుకున్నా. బేసిక్ అమైనో ఆమ్లాలు దండిగా ఉన్న పెప్టైడ్లకే ఆ కాగితం నమ్మకం. నా రిసెప్టర్ సగం కడుగుళ్లలోనే పోయింది. కాబట్టి కాలమ్‌లోంచి విడివిడిగా పట్టుకునే ప్రతి భాగానికీ, అంటే ప్రతి ఫ్రాక్షన్‌కీ, జెల్ తప్పలేదు. నలభై ఫ్రాక్షన్లు అంటే మూడు జెల్‌లు, వాటిని ఆరబెట్టడం, స్క్రీన్ మీద పెట్టడం, మర్నాడు పొద్దున చూడటం. గంటలో తేలుతుందనుకున్న విషయం రోజున్నర తీసుకుంటుంది, ఈలోపు ఎంజైమ్ కోల్డ్ రూమ్‌లో కూర్చుని చచ్చిపోతూ ఉంటుంది.

ఫిబ్రవరి 19న మొదటి పెద్ద ప్రిప్ (ప్రోటీన్ తీసి శుద్ధి చేయడం), రెండు కిలోలతో. దీన్ని కాస్త వివరంగా చెబుతా, ఎందుకంటే చెయ్యి కాలేదంతా ఇక్కడే. పొడి కరగకముందే బఫర్‌లో పడాలి. బఫర్‌లో ఎంజైమ్‌ని కాపాడే డీటీటీ, పీఎంఎస్‌ఎఫ్ రెండూ ఆఖరి నిమిషంలో కలపాలి, పీఎంఎస్‌ఎఫ్ నీళ్లలో ఎక్కువసేపు బతకదు. ఫాస్ఫటేజ్‌లని ఆపడానికి సోడియం ఫ్లోరైడ్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్. గోధుమరంగు పదార్థాలు పీల్చుకోవడానికి పీవీపీపీ పొడి, ఇది ముందురోజే నానబెట్టుకోవాలి, నేను నానబెట్టలేదు, ముద్దలు కట్టి మొదటి వడపోతే గంట తీసుకుంది. కోల్డ్ రూమంతా ఉడికిన కాలీఫ్లవర్ కంపు. ఇంటికెళ్లి రెండుసార్లు తలస్నానం చేసినా జుట్టులోంచి పోలేదు.

తర్వాత అమ్మోనియం సల్ఫేట్, ప్రోటీన్లని కరగకుండా అడుక్కి దించే ఉప్పు. 35 శాతం దగ్గర పడేది పారేసి, 60 శాతం దగ్గర పడేది ఉంచుకోవాలి. ఉప్పుని మెత్తగా నూరి, మంచు మీద, చిటికెడు చిటికెడుగా నలభై నిమిషాలు వేస్తూ కూర్చోవాలి. గబగబా వేస్తే నురగ వస్తుంది, నురగ వచ్చిందంటే ప్రోటీన్ పాడవుతున్నట్టే. ఉప్పు బయటికి పోవడానికి ఆ ముద్దని డయాలిసిస్ సంచీలో పోసి రాత్రంతా బఫర్‌లో పెట్టా. సంచీ నిండా పోసి గట్టిగా ముడేశా. పొద్దున వచ్చి చూస్తే సంచీ ముడి దగ్గర చిట్లి, సగం సరుకు ఐదు లీటర్ల బఫర్‌లో కలిసిపోయి ఉంది. లోపల అంత ఉప్పు ఉంటే నీళ్లు లోపలికి తోసుకొస్తాయి, సంచీ ఉబ్బుతుంది. ఇది పదో తరగతి పాఠమే, కానీ రాత్రి పదకొండున్నరకి గుర్తురాలేదు. సంచీలో సగం ఖాళీ వదలండి. సీనియర్ అక్క వచ్చి చూసి నవ్వలేదు, అదే మేలు. "నాదీ చిట్లిందిలే, మిగిలిన సగంతో కానివ్వు" అంది.

మిగిలిన సగంతోనే కానిచ్చా. మార్చి మొదటి వారంలో డీఈఏఈ కాలమ్, ప్రోటీన్లని విద్యుదావేశాన్ని బట్టి విడదీసేది. ఉప్పు నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్తే, ఎక్కువ ఉప్పు దగ్గర ఒక్కటే కొండలాంటి పీక్. జెల్ మీద పీవైఎల్1 బ్యాండ్ మసిబొగ్గులా ఉంది, స్క్రీన్ మీద పదిహేను నిమిషాలు పెడితేనే కనిపించేస్తోంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఫోటో తీసి ఇంటికి పంపా, వాళ్లకేం అర్థమవుతుందో నాకు తెలీదు, "బాగుందమ్మా" అని జవాబొచ్చింది.

ఆ తర్వాత అంతా నల్లేరు మీద నడకే. హెపారిన్ కాలమ్‌కి అతుక్కుపోయింది, వదిలించడానికి బాగా ఉప్పు కావాల్సొచ్చింది, దాంతో చెత్తంతా ఒక్కసారిగా విడిపోయింది. సైజుని బట్టి విడదీసే జెల్ ఫిల్ట్రేషన్‌లో 130 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) చుట్టూ వచ్చింది. జెల్‌లో ప్రోటీన్లు కనిపించడానికి వెండి రంగు వేస్తే 40 దగ్గర, 30 దగ్గర రెండు ముచ్చటైన బ్యాండ్లు. ఏప్రిల్ 13న కోసి మాస్ స్పెక్‌కి పంపాం. ఇక్కడ సమయం గురించి ఒక మాట: పీ-32 సగం జీవితకాలం 14.3 రోజులు. ఏటీపీ ఆర్డర్ పెట్టాక రావడానికి దాదాపు రెండు వారాలు, వచ్చిన రోజునే కాలమ్ సిద్ధంగా ఉండాలి. లేకపోతే మీరు వాడకుండానే సగం ఆవిరి. మార్చిలో ఒక ట్యూబ్ అలాగే పోయింది, మిషన్ వేరేవాళ్ల బుకింగ్‌లో ఉండటంతో.

మే 6న రిజల్ట్ వచ్చింది. 23 రోజులు ఎదురుచూశా. కేసీన్ కైనేజ్ 2, ఆల్ఫా, బీటా రెండు సబ్‌యూనిట్లూ.

సీకే2 అనేది ప్రతి మొక్క కణంలోనూ, ఆ మాటకొస్తే ప్రతి జంతుకణంలోనూ ఉంటుంది. సెరీన్ లేదా థ్రియోనిన్ తర్వాత ఆమ్ల గుణమున్న అమైనో ఆమ్లాలు కనిపిస్తే చాలు, ఫాస్ఫేట్ పెట్టేస్తుంది. ముఖ్యంగా మూడో స్థానంలో. మేడమ్ రిజల్ట్ చూసి ఏమీ అనలేదు, కాసేపాగి ఒక్క ప్రశ్న అడిగారు. "నీ ట్యాగ్ సీక్వెన్స్ ఒకసారి చదువు." పైకి చదివా. ఎంటెరోకైనేజ్ చోటు వచ్చేసరికి థ్రియోనిన్, ఆ వెంటనే ఆస్పార్టిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం. నాలుగోది చదువుతుండగా గొంతు ఆగిపోయింది. సీకే2కి దీనికన్నా విందుభోజనం ఉండదు.

ఆ సాయంత్రమే పరీక్షించా. పక్క బెంచీ అమ్మాయి దగ్గర అదే వెక్టర్‌లో చేసిన వేరే ప్రోటీన్ ఉంది, ఏబీఏతో దానికి ఏ సంబంధమూ లేదు. అదీ అంతే నల్లగా వెలిగింది. మిల్లీలీటర్‌కి 5 మైక్రోగ్రాముల హెపారిన్ కలిపితే రెండూ ఆరిపోయాయి. వేడి ఏటీపీకి పోటీగా మామూలు జీటీపీ ఎక్కువగా వేస్తే సిగ్నల్ పడిపోయింది, ఏటీపీకి బదులు జీటీపీని కూడా వాడుకోగల కైనేజ్‌లు తక్కువ, సీకే2 వాటిలో ఒకటి. అంటే నాలుగు నెలలు నేను నా ట్యాగ్‌ని ఫాస్ఫోరిలేట్ చేసే ఎంజైమ్‌ని చాలా శ్రద్ధగా, చాలా అందంగా శుద్ధి చేశాను. హెపారిన్ కాలమ్ మీద అంత గట్టిగా అతుక్కున్నప్పుడే అనుమానం రావాల్సింది. ట్యాగ్ ఒక్కదాన్నే పెట్టి చూసే కంట్రోల్ ఫిబ్రవరిలో వేసి ఉంటే ఒక్క మధ్యాహ్నం పని.

ఆ వారం ల్యాబ్‌కి వెళ్లలేదు. వెళ్లినా మాట్లాడేదాన్ని కాదు. మేడమ్ తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఫోన్ చేసి ఫిషర్, క్రెబ్స్‌ల సంగతి చెప్పారు. 1955లో వాళ్లు ఫాస్ఫోరిలేజ్ ఎంజైమ్‌ తీస్తున్నప్పుడు, అంతకుముందు వేరేవాళ్లు చేసినట్టు కండ రసాన్ని ఫిల్టర్ కాగితంలో వడగట్టకుండా సెంట్రిఫ్యూజ్ చేస్తే ఎంజైమ్ పనిచేసే రూపం రావడం లేదు. వడగడితే వస్తోంది. చివరికి చూస్తే కాగితంలో ఉన్న కాల్షియం రసంలోని కైనేజ్‌ని లేపుతోందట. అలా ఫాస్ఫేట్ తగిలించడం వల్ల ఎంజైమ్ మారుతుందని బయటపడింది, 1992లో నోబెల్. "వాళ్లకి కాగితం, నీకు ట్యాగ్" అన్నారు. నేను, "వాళ్లకి నోబెల్ వచ్చింది మేడమ్" అన్నా. ఆవిడ నవ్వి, సోమవారం రమ్మన్నారు.

మే 20 నుంచి రెండో అధ్యాయం. ఈసారి సుమో అనే ప్రోటీన్ తగిలించి చేయించాం. దాన్ని కోసే ప్రోటియేజ్ సరిగ్గా అంచున కోస్తుంది, వెనక ఒక్క అదనపు అమైనో ఆమ్లం కూడా మిగలదు. క్లోనింగ్, ఎక్స్‌ప్రెషన్, కోత, మళ్లీ నికెల్ కాలమ్, అన్నీ కలిపి మూడు వారాలు. ట్యాగ్ లేని పీవైఎల్1తో ఫ్రీజర్‌లో ఉన్న పాత ఫ్రాక్షన్లనే పరీక్షిస్తే సిగ్నల్ పన్నెండో వంతుకి పడిపోయింది. స్క్రీన్ రాత్రంతా పెడితే గానీ బ్యాండ్ కనిపించలేదు. కానీ కనిపించింది. అదీ వేరే చోట, డీఈఏఈలో తక్కువ ఉప్పు దగ్గర, ఇన్నాళ్లూ మేము పట్టించుకోకుండా పక్కన పెట్టేసిన ఫ్రాక్షన్లలో.

ఇకనుంచి ప్రతి పరీక్షలోనూ కొంచెం హెపారిన్ కలిపే పెట్టా, సీకే2 నోరు మూసి ఉంచడానికి. ఇది చాలా చవకైన ఉపాయం, మొదటి రోజు నుంచీ చేయొచ్చు.

జూన్ 17న రెండో పెద్ద ప్రిప్. దీని గురించి రాయడానికేమీ లేదు. శనివారం రాత్రి కోల్డ్ రూమ్ కంప్రెసర్ ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి లోపల 19 డిగ్రీలు. అలారం మోగిందట, ఎవరి ఫోన్‌కి వెళ్లాలో ఆ నంబర్ ఎప్పుడో మారిపోయింది. రెండు కిలోల పని పోయింది.

జూలైలో మూడోది. ఇది ఇంకా చిత్రం. డీఈఏఈ బాగుంది, నీలి రంగు డై కాలమ్ బాగుంది, ఫెనిల్ కాలమ్ బాగుంది, మోనో క్యూ అనే కాలమ్ దగ్గరికొచ్చేసరికి యాక్టివిటీ మాయం. ఫ్రాక్షన్లలో లేదు, కారిపోయిన దాంట్లో లేదు, కాలమ్‌ని గట్టి ఉప్పుతో కడిగినా లేదు. రెండు ప్రోటీన్లు కలిసి పనిచేసేవి విడిపోయాయేమోనని ఫ్రాక్షన్లని జంటలు జంటలుగా కలిపి కూడా చూశా, వారం పోయింది. విషయం అది కాదు. మోనో క్యూకి ముందు శాంపిల్‌ని పలచన చేసి ప్లాస్టిక్ ట్యూబుల్లో రాత్రంతా ఉంచా. ప్రోటీన్ అంత తక్కువైనప్పుడు అది గోడకి అతుక్కుపోతుంది. ఖాళీ చేసిన ట్యూబుని కొంచెం డిటర్జెంట్ బఫర్‌తో కడిగి ఆ కడుగునీళ్లని పరీక్షిస్తే బ్యాండ్ వచ్చింది, చిన్నదే కానీ వచ్చింది. నా ఎంజైమ్ నెల్లాళ్లుగా చెత్తబుట్టలో ఉంది. మామూలుగా అయితే బోవైన్ అల్బుమిన్ కలిపి కాపాడతారు. మనం మాస్ స్పెక్‌కి పంపాలి కాబట్టి అది కుదరదు, తెరిచి చూస్తే అల్బుమినే కనిపిస్తుంది. ఆ తర్వాత అన్ని బఫర్లలో 0.03 శాతం బ్రిజ్-35 అనే డిటర్జెంట్ వేశా, ఇంకా ఏ మెట్టులోనూ రాత్రి ఆగకూడదని ఒట్టు పెట్టుకున్నా. తప్పనిసరైతే 50 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 20 దగ్గర. ఉత్తినే గడ్డకట్టించి కరిగిస్తే ఒక్కసారికే సగానికి పైగా పోతోంది.

ఆగస్టు 11న నాలుగోది మొదలుపెట్టి ఐదు రోజుల్లో ముగించాం, వంతులేసుకుని. సీనియర్ అక్క రెండు రాత్రులు నాతో ఉంది. లెక్క దాచకుండా చెబుతా. రెండు కిలోల నుంచి, 35–60 శాతం అమ్మోనియం సల్ఫేట్ మెట్టులో 2.6 గ్రాముల ప్రోటీన్, దాన్ని నూరు శాతం యాక్టివిటీ అనుకుంటే, డీఈఏఈ తర్వాత 410 మి.గ్రా., 61 శాతం. డై కాలమ్ తర్వాత 38 మి.గ్రా., 24 శాతం. ఫెనిల్ తర్వాత 11 శాతం. మోనో క్యూ తర్వాత 0.9 మి.గ్రా., 4 శాతం. జెల్ ఫిల్ట్రేషన్ తర్వాత ఇంచుమించు 50 మైక్రోగ్రాములు, 1.4 శాతం. అంటే సుమారు 730 రెట్ల శుద్ధి, నూటికి తొంభై ఎనిమిదిన్నర వంతులకి పైగా దారిలో పోయింది. ఈ టేబుల్ మొదటిసారి చూసినప్పుడు ఏడుపొచ్చింది, మేడమ్ మాత్రం "మంచి టేబుల్" అన్నారు. కైనేజ్‌లకి ఇది మామూలేనట.

అప్పటికీ ఒక్క బ్యాండ్ కాదు, వెండి రంగులో తొమ్మిది పదున్నాయి. ఏది కైనేజ్? దానికి జెల్ లోపలే పరీక్ష చేశాం. జెల్ పోసేటప్పుడే అందులో పీవైఎల్1 కలిపేసి, ప్రోటీన్లని విడదీశాక, జెల్‌లో వాడే ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌ని కడిగేసి, గ్వానిడిన్‌లో విప్పి, నెమ్మదిగా మళ్లీ మడత పడనిచ్చి, అప్పుడు వేడి ఏటీపీలో ముంచాలి. మొత్తం మూడు రోజులు. ఎన్ని కైనేజ్‌లు మళ్లీ మడత పడతాయో గ్యారంటీ లేదు. రెండుసార్లు ఏమీ రాలేదు. మూడోసారి 75 కిలోడాల్టన్ల దగ్గర ఒక సన్నని గీత. రిసెప్టర్ కలపని జెల్‌లో ఆ గీత లేదు. ఈసారి ఎవరికీ ఫోటో పంపలేదు. కంట్రోల్ ఇంకో రెండుసార్లు వేసి, కేసీన్ కైనేజ్ 1ని ఆపే డీ4476 కలిపి చూసి, అది గీతని చాలావరకు చెరిపేసిందని నిర్ధారించుకుని, అప్పుడు చెప్పా.

సెప్టెంబర్ 10న 75 దగ్గరి బ్యాండ్ కోసి పంపాం. కోసేటప్పుడు రెండు విషయాలు: వెండి రంగుకి గ్లుటరాల్డిహైడ్ లేని పద్ధతి వాడాలి, లేకపోతే పెప్టైడ్లు రావు. రెండోది, స్వెటర్ వేసుకుని కోయకండి. ఏప్రిల్‌లో నా శాంపిల్‌లో సీకే2 కన్నా కెరాటిన్ ఎక్కువుంది, అంటే నా చర్మం, నా జుట్టు, గొర్రె ఉన్ని. ఈసారి తలకి టోపీ, కొత్త బ్లేడు, కొత్త గ్లవ్స్, గాజు పలకని ముందు బాగా కడిగి. దాంతోపాటు ఆ ఫ్రాక్షన్‌తో మామూలు ఏటీపీ పెట్టి ఫాస్ఫోరిలేట్ చేయించిన పీవైఎల్1ని కూడా పంపాం, ఫాస్ఫేట్ ఎక్కడ తగిలిందో తెలియడానికి.

ఖర్చంటే డబ్బు లెక్క వేరేవాళ్లకి ఉపయోగపడదు కాబట్టి నా లెక్క ఇది: ట్రయల్స్‌తో కలిపి తొమ్మిది కిలోల కాలీఫ్లవర్ గీకుడు, పదకొండు ట్యూబుల వేడి ఏటీపీ (వాటిలో మూడు వాడకుండానే చచ్చాయి), రెండొందలకి పైగా జెల్‌లు, ఒక మోనో క్యూ కాలమ్ (నా తప్పే, వడగట్టకుండా ఎక్కించా), ఎడమ బొటనవేలికి లిక్విడ్ నైట్రోజన్ మచ్చ. రేడియోధార్మిక చెత్త అప్పటికప్పుడు పారేయడానికి వీల్లేదు, పది సగం జీవితకాలాలు ఆగాలి, అంటే దాదాపు ఐదు నెలలు. కాబట్టి ఫిబ్రవరిలో నేను చేసిన వెధవ పనులన్నీ తేదీ రాసిన డబ్బాల్లో జూలై దాకా నా కళ్ల ముందే ఉన్నాయి.

అక్టోబర్ 3న వచ్చిన లిస్టులో పైన హీట్ షాక్ 70 ప్రోటీన్లు, ఆ ఎత్తు దగ్గర అవి ఉండకపోతేనే ఆశ్చర్యం. కెరాటిన్ అయిదో స్థానంలో, అది మెరుగే. కైనేజ్ అన్నది ఒక్కటే: కేసీన్ కైనేజ్ 1 రకం, ఏఈఎల్ కుటుంబానికి చెందింది, నాలుగు పెప్టైడ్లు. 2018లో వాళ్లు జీన్‌ల వైపు నుంచి చెప్పిన పేరే, నేను తొమ్మిది కిలోల పువ్వు నూరి ఇటువైపు నుంచి చేరా. మొదట కొంచెం చప్పగా అనిపించింది. కొత్త పేరు వస్తే ఆ కథే వేరు. తర్వాత అనిపించింది, ఎవరినీ అనుకోకుండా వెతికినా అదే దొరికిందంటే ఇది నమ్మదగ్గ సంగతే.

పీవైఎల్1 మీద ఫాస్ఫేట్ 136వ సెరీన్ దగ్గర స్పష్టంగా ఉంది, 2018లో చెప్పిన రెండు చోట్లలో అదొకటి. రెండోది 182. అది ఉన్న పెప్టైడ్ మా శాంపిల్‌లో అసలు కనిపించనే లేదు, ఫాస్ఫేట్ ఉన్నదీ లేదు, లేనిదీ లేదు. మేడమ్ వేరే ప్రోటియేజ్‌తో కోసి మళ్లీ పంపమన్నారు. ఫ్రీజర్‌లో ఆగస్టు ఫ్రాక్షన్ 40 మైక్రోలీటర్లు మిగిలింది, గ్లిసరాల్‌లో. అది సరిపోతుందో లేదో నిన్న రాత్రి లెక్క కట్టా. సరిపోదు. పక్క బెంచీ అమ్మాయి ఇప్పుడే అడిగింది, వచ్చే వారం కోల్డ్ రూమ్ కంపు కొట్టబోతోందా అని.